ఉత్తకాళ్ల మొక్కు

ఒక మనిషి పాదాన్ని ఇన్నేళ్లుగా నెత్తిన మోస్తున్నాను. భక్తితో కాదు. భక్తి అయితే దించుకోవడానికి ఎక్కడో ఒక గుడి ఉండేది. ఇది నేను చేసిన తప్పు, దీనికి గుడి లేదు. నా భార్యకు చెప్పబోయి నీళ్లు నమిలాను. "ఏమైంది నీకు, గ్యాసా?" అని ఆమె వామునీళ్లు కాచి ఇచ్చింది. తాగాను. తగ్గిందన్నాను. అదీ అబద్ధమే.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పుకోవడం సులువంటారు. చూద్దాం ఎంత సులువో. పేర్లు మార్చాను. ఊళ్లు మార్చలేదు, మారిస్తే నా నోటికి మాట రాదు. మా అన్నది, అదే మా ఎమ్మెల్యేది, ఏ నియోజకవర్గమని మాత్రం అడగకండి. ఆయన తప్పు ఇందులో వీసమెత్తు కూడా లేదు. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

అన్న అంటున్నాను గానీ శేఖర్ నాకంటే చిన్నవాడు. మా వైపు తెల్లచొక్కా వేసుకుని నాలుగు కార్లు వెనక పెట్టుకుంటే పాలుతాగే పిల్లాడైనా అన్నే. నాది పెనుకొండ బస్టాండు దగ్గర ఫ్లెక్సీల అంగడి. పుట్టినరోజులకు, పెళ్లిళ్లకు, చావులకు, నాయకుల స్వాగతాలకు ఫ్లెక్సీలు కొడతాను. మనిషి ఎదురుగా వస్తే నాకు మనిషి కనబడడు. మొహం ఏ మూల పెట్టాలి, చేతులు జోడించిన ఫోటో ఉందా లేదా, వెనకాల కొండ పెడదామా సూర్యుణ్ణి పెడదామా, ఇదే కనబడుతుంది. వృత్తి జబ్బు. ఈ జబ్బు నా కొంప ముంచినా బాగుండేది. ఇంకొకరి కాలు తీసింది.

శేఖర్ సంగతి ముందు చెప్పాలి. వాడి మీద, అదే, ఆయన మీద నాకున్న ప్రేమ తెలియకపోతే నా తప్పు ఎంతదో మీకు అందదు.

ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టాడు. నాయన చిన్నప్పుడే పోతే వాళ్లమ్మ ఊళ్లోవాళ్ల మగ్గాలకు కండెల మీద దారం చుట్టి చదివించింది. హిందూపురంలో డిగ్రీ చదివి, అక్కడే పట్టు వ్యాపారుల సంఘంలో చేరాడు. మొదట టీలు తెప్పించే పని. నోరు మంచిది, జ్ఞాపకం మంచిది, అందుకని తర్వాత వాళ్ల తరఫున రాజధానికి, ఢిల్లీకి తిరిగే పని ఇచ్చారు. పట్టుదారం మీద పన్ను తగ్గించండని, పట్టుగూళ్ల మార్కెట్టుకు షెడ్లు వేయించండని మంత్రుల గదుల బయట బెంచీల మీద కూర్చుని కూర్చుని పని చేయించుకుని వచ్చేవాడు. దీనికి బయట లాబీయిస్టు అని గొప్ప పేరుందట. మా దగ్గర పైరవీ అంటారు. ఒకాయన మొహం మీదే పైరవీకారుడివి అంటే శేఖర్‌కు కోపం రాలేదు. "పైరవీ అంటే ఏముండాదప్పా? ఒకరి మాట తీస్కపోయి ఇంకొకరి చెవిలో ఏసేదే గదా. మధ్యలో మాట మారకుండా సూసుకోవల్ల, అంతే" అన్నాడు.

మధ్యలో మాట మారకూడదు. ఆ మాట అన్న రోజు నేను పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా.

అట్లా తిరిగి తిరిగి పెద్దవాళ్ల కంట్లో పడ్డాడు. అసెంబ్లీ టికెట్టు ఇచ్చారు. మొదటిసారే. నేను అంగడి బావమరిదికి అప్పజెప్పి ఆయన వెంట పడ్డాను. ఫ్లెక్సీల నుంచి మొదలై ఫోను మోయడం, ఏ ఊరికి ఎప్పుడు పోవాలో నిర్ణయించడం, ఎవరిని కలవనివ్వాలి ఎవరిని తిప్పి పంపాలి అనేదాకా అన్నీ నా చేతిలోకి వచ్చాయి. అవతలివాళ్లు ఊరూరా "పైరవీల శేఖర్" అని తిరుగుతున్నారు. వ్యాపారుల మనిషికి మగ్గాలవాళ్ల బాధ ఏం తెలుసు అంటున్నారు. అది తప్ప ఆయన మీద అనడానికి వాళ్లకు ఏమీ దొరకలేదు పాపం.

గెలిచాక కూడా ఆ పాత అలవాటు పోలేదు ఆయనకు. మొదటిసారి మంత్రి గదికి పోయినప్పుడు, తలుపు బయట బెంచీ మీద కూర్చుని చేతులు కట్టుకున్నాడు. నేనూ కూర్చున్నాను. చాలాసేపటికి అటెండరు చూసి, "సార్, మీరు ఎమ్మెల్యే గదా, లోపలికి పోవచ్చు" అన్నాడు. శేఖర్ లేచి, అటెండరుకు దండం పెట్టి లోపలికి పోయాడు. అసెంబ్లీలో మొదటిసారి లేచినప్పుడు గొంతు వణికింది. పట్టుపురుగుల పెంపకం గురించి మాట్లాడుతూ పురుగు అనే మాట దగ్గర నీళ్లు తాగాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. అంత మంచివాడండీ. మీరే చెప్పండి, అంత మంచివాడి దగ్గర పనిచేస్తూ నేను ఇట్లా ఎట్లా చేశాను?

ఇక నారాయణ మామ. శేఖర్ చిన్నప్పుడున్న వీధిలోనే ఆయన ఇల్లు. పని దొరికాక శేఖర్ వాళ్లమ్మను తీసుకుని హిందూపురం మారిపోయాడు. గుంత మగ్గం. నేల మీద కూర్చుని, గుంతలోకి కాళ్లు వదిలి, పలకలు తొక్కుతూ నేయాలి. నాయన లేని పిల్లాడు బడి నుంచి రాగానే ఆ మగ్గం పక్కన చేరి ఎక్కాలు చదివేవాడట. మామ పలకలు తొక్కుతూనే తప్పులు దిద్దేవాడట. "తప్పుగా దిద్దేటోడప్పా. పదమూడో ఎక్కం నాకు ఇప్పటికీ మామ తప్పుతోనే వస్తాది" అని శేఖర్ చెప్పుకుని మురిసిపోయేవాడు. మామకు పిల్లలు లేరు. భార్య లక్ష్మక్క. ఆమె నోటికి వీధి వీధంతా భయపడేది, ఒక్క మామ తప్ప.

ఎన్నికలప్పుడు ధర్మవరంలో టీ అంగడి దగ్గర ఎవడో పోకిరీ, "పైరవీలు చేసుకునేటోడు గెలిచేదంట, సూసేదంట" అన్నాడు. మామ టీ గ్లాసు కింద పెట్టి, కాళ్లకున్న చెప్పులు అక్కడే విడిచేశాడు. "మా శేఖరు గెలిచొచ్చి, వాని చేత్తో తొడిగేదాంక ఈ కాళ్లకు చెప్పులు ముట్టించను. చౌడమ్మ తోడు" అని ఉత్తకాళ్లతో ఇంటికి నడిచాడు.

మా సీమలో ఈ మొక్కులు కొత్తవి కావు. తమ నాయకుడు గెలిచేదాకా గడ్డం గీయనివాళ్లను చూశాను, తిరుమల కొండ మోకాళ్ల మీద ఎక్కినవాళ్లను చూశాను. అందరూ గెలిచేదాకా అంటారు, గెలవగానే తీరిపోతుంది. మామ "వాని చేత్తో" అని ఒక మాట కలిపాడు. ప్రేమ ఎక్కువైనప్పుడు మాట ఎక్కువవుతుంది. ఆ ఒక్క మాట కలపకుండా ఉంటే నాలాంటివాడి చేతికి చిక్కేవాడు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. తిరిగి తిరిగి ఇక్కడికే రావాలి, తప్పదు.

శేఖర్ గెలిచాడు. ఊరేగింపులు, పూలదండలు, బాణాసంచా. నా గొంతు పోయింది, చల్లిన రంగులో నా భార్య మెడలో గొలుసు కూడా కనబడలేదు. ఆ వారంలోనే, గోల సద్దుమణిగాక ఒక మధ్యాహ్నం హిందూపురం నుంచి వస్తున్నాం. బజారులో కారు ఆపించి శేఖర్ తనే దిగి, అంగళ్లన్నీ తిరిగి, మెత్తటి అడుగున్న తోలు చెప్పులు ఒక జత కొనుక్కొచ్చాడు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "పెనుకొండలో ఆపొద్దు బాషా, నేరుగా ధర్మవరం పోనీ. మామ కాళ్లు కాల్తాంటాయి" అన్నాడు డ్రైవరుతో.

నా లోపల ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నాకు ఒక ఫోటో కనబడింది. సభ. వేలమంది నేతగాళ్లు. వేదిక మీద ముసలాయన కుర్చీలో, ఆయన కాళ్ల దగ్గర మోకాళ్ల మీద ఎమ్మెల్యే, చేతిలో చెప్పు, కంట్లో నీళ్లు. ఆ ఒక్క ఫోటోతో పైరవీల శేఖర్ అన్న మాట జిల్లా నుంచే లేచిపోతుంది. త్వరలో ధర్మవరంలో నేతగాళ్ల సభ ఉంది, మంత్రి వస్తున్నాడు, టీవీలవాళ్లు వస్తున్నారు. ఇప్పుడు పోయి, వీధిలో ఇద్దరు ముసలమ్మల ముందర, ఫోనులో కూడా సరిగ్గా పడని వెలుతురులో ఈ పని కానిచ్చేస్తే? దండగ. సభదాకా ఆగుదామంటే శేఖర్ ఒప్పుకోడు. అట్లాంటివి ఆయనకు గిట్టవు, ఛీ అంటాడు.

అందుకని అన్నాను. "మామ ఏసుకున్నాడన్నా."

"ఎప్పుడు?"

"నువ్వు గెలిచిన రోజే. సుగరుండాది గదా, లక్ష్మక్క ఊరుకోలేదంట."

శేఖర్ ఒళ్లో ఉన్న చెప్పుల వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. "మంచి పనైంది. నాకంటే అక్కకే బుద్ధి ఉండాది" అన్నాడు. కిటికీలోంచి శెనక్కాయ చేలు చూస్తూ కూర్చున్నాడు. చిన్నబుచ్చుకున్నాడని నాకు తెలుసు. పర్వాలేదు, సభలో "ఇదిగోన్నా, మామ ఇంకా ఉత్తకాళ్లతోనే ఉన్నాడు" అని ముందుకు తెస్తే ఆ సంతోషంలో ఇదంతా మర్చిపోతాడులే అనుకున్నాను. నిజంగా నివ్వెరపోతాడు, నిజంగా ఏడుస్తాడు, ఫోటో ఇంకా బాగా వస్తుంది. చూశారా నా తెలివి? తెల్లారినట్టే ఉంది.

పెనుకొండలో నేను దిగేటప్పుడు ఆ చెప్పుల జత నా చేతికిచ్చాడు. "నీకు సరిపోతాయేమో సూడప్పా" అన్నాడు. కొలత తీసినట్టు సరిపోయాయి. వేసుకున్నాను. మెత్తగా ఉన్నాయి. ఈ ముక్క రాయకుండా వదిలేద్దామా అని ఇందాక చాలాసేపు ఆలోచించాను.

మరుసటి రోజే ధర్మవరం పోయి మామతో ఇంకో మాట చెప్పాను. "అన్న పెద్ద సభలో అందరి ముందర తొడగల్లని ఉన్నాడు మామా, కొంచెం ఓపిక పట్టు." మామ మొహం విప్పారింది. "అంతమంది ముందరనా? ఎమ్మెల్యే అయినాక సిగ్గు కూడా లేదా వీనికి?" అని ఎదురింటివాళ్లను పిలిచి మరీ చెప్పాడు.

సభ వాయిదా పడింది. మంత్రిగారికి వీలుపడలేదు. మళ్లీ పెట్టుకున్నారు, వాన వచ్చింది. ఆ తర్వాత మంత్రిగారే మారారు. ప్రతిసారీ నేను మామకు అదే పాట పాడాను. ప్రతిసారీ ఆయన "రానీలేప్పా, వానికి లచ్చ పనులు" అన్నాడు. ఎండాకాలం వచ్చింది. మా వైపు ఎండలు మీకు తెలియవేమో, మధ్యాహ్నం తారురోడ్డు మీద కుక్క కూడా నిలబడదు. లక్ష్మక్క ఫోన్లు చేసేది. అన్న ఫోను నా జేబులోనే కదా ఉండేది, ఎవరు చేసినా నాకే తగిలేది. ఒకరోజు ఆమె అన్నది: "మొక్కుకున్నోనికి బుద్ధి లేదు, తీర్చాల్సినోనికి తీరిక లేదు, మధ్యలో నువ్వొకనివి." నవ్వుతూ పెట్టేశాను. ఆమె తిట్టు సరిగ్గా తగలాల్సినవాడికే తగిలిందని ఆమెకు తెలియదు.

ఎందుకు అప్పుడే చెప్పేయలేదు? శేఖర్‌ను ఒకరోజు ఆ వీధికి తీసుకుపోతే అయిపోయేది. అబద్ధం బయటపడేది, నాలుగు తిట్లు తినేవాణ్ణి, అంతే. భయమా? భయం కొంచెమే. ఎక్కువ భాగం ఆశ. వచ్చే నెల సభ అవుతుంది, వచ్చే నెల ఫోటో వస్తుంది. వేసిన డిజైను పారేయడానికి నాకు చేయి రాదు. అంగట్లో కూడా ఇంతే, పెళ్లి ఆగిపోయినా ఆ ఫ్లెక్సీ చెరపను.

మామ కాలికి కంపముల్లు గుచ్చుకుంది. సుగరున్న కాలు, మామకు నొప్పి తెలియలేదు. ఆ కాలుతోనే గుంతలోకి దిగి పలకలు తొక్కాడు, చీర పూర్తి చేశాడు. వాసన వస్తోందని లక్ష్మక్క కాలు ఎత్తి చూసేసరికి ఆలస్యమైపోయింది. అనంతపురంలో ఆసుపత్రిలో కుడిపాదం ముందు సగం తీసేశారు.

నేను పరుగెత్తాను. వార్డు బయట లక్ష్మక్క నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మెల్లగా, "మొక్కు ఇంకా తీరలేదని శేఖరుకు తెలుసునా?" అని అడిగింది. లేదు అని ఒక్క మాట అంటే చాలు. నా తల తనంతట తాను ఊగింది. తెలుసు అన్నట్టు. అంతకుముందు చెప్పిన అబద్ధాలకు ఏదో ఒక సాకు చెప్పుకోగలను. ఆ తల ఊపుడుకు నాకు సాకు దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు.

శేఖర్‌కు మటుకు సుగరు ఎక్కువై కాలు పాడైందని చెప్పాను. ఆయన ఉన్నపళాన బయల్దేరాడు. ఇద్దరూ ఎదురుపడితే అయిపోయింది నా పని. వాళ్లు మాట్లాడుకున్న ప్రతి మాటా నాకు గుర్తుంది.

శేఖర్ మంచం పట్టె మీద కూర్చున్నాడు. మామే ముందు అడిగాడు.

"అన్నం తిన్యావా?"

"తిన్యా మామా. నువ్వు?"

"ఈడ ఇడ్లీలు సున్నం మాదిరి ఉండాయి. మీ అక్క వండేదాని మింద ఇన్నాళ్లూ ఊరికే వంకలు పెట్టినా."

"నొస్తాందా?"

"లేని వేళ్లు నొస్తాండాయి రా, ఇచిత్రం సూడు. ఉండేవి ఊరికే ఉండాయి."

శేఖర్ నవ్వబోయి ఏడ్చాడు. మొహం తుడుచుకున్నాడు. ఆ కట్టు వైపు చూస్తూ, "మామా, చెప్పులు…" అన్నాడు.

నేను గోడ పట్టుకున్నాను.

మామ వెంటనే అడ్డం పడ్డాడు. "ఆ మాట ఎత్తొద్దు. చెప్పుల్లేదు, ఏం లేదు, ఇది సుగరు. వయసైపాయె. అసెంబ్లీలో మాట్లాడినావంటనే, టీవీలో సూసినా. నీకు గొంతు వణికినాది."

"వణికినాది మామా."

"రెండోసారి వణకదులే."

అంతే. శేఖర్ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎందుకో నాకు తెలుసు. మామ మొక్కు మధ్యలో విడిచేశాడని ఆయన అనుకుంటున్నాడు, కాలు పోయిన మనిషికి ఆ సిగ్గు గుర్తు చేయకూడదని నోరు మూసుకున్నాడు. మామ ఎందుకు ఎత్తనివ్వలేదో కూడా నాకు తెలుసు. తన వల్లే మామ కాలు పోయిందని పిల్లాడు కుమిలిపోతాడని. ఒకరి మనసు నొప్పించకూడదని ఒకరు తలుపులు వేసుకున్నారు, ఆ రెండు తలుపుల మధ్య దొంగనైన నేను క్షేమంగా నిలబడ్డాను. వాళ్లిద్దరిలో ఒక్కరికి ప్రేమ కొంచెం తక్కువున్నా ఆ రోజే దొరికిపోయేవాణ్ణి.

ముల్లు సంగతి డాక్టరు చెప్పినట్టున్నాడు, తిరిగి వచ్చేటప్పుడు కారులో శేఖర్, "చెప్పులేసుకున్యా ముల్లు ఎట్ల దిగినాదప్పా?" అని తనలో తాను అనుకున్నట్టు అడిగాడు. "అడుగు అరిగిపోయి ఉంటాదిలేన్నా" అన్నాను. నా నాలుకకు ఎముక లేదు, సరే. లోపల ఇంకేమీ లేదా?

ఆ తర్వాత మామ మగ్గం దిగలేదు. పలకలు తొక్కాలంటే పాదం కావాలి. వేరేవాళ్ల మగ్గాలకు కండెలు చుట్టేవాడు. శేఖర్ పింఛను పెట్టించాడు, ఆసుపత్రి ఖర్చులు చూసుకున్నాడు, పండగలకు బట్టలు పంపేవాడు. తను మాత్రం తక్కువ పోయేవాడు, పోయినా ఇంట్లో ఉన్న మనిషి ఉత్తకాళ్లతో ఉంటే వింతేముంది? మామను చూస్తే బాధేస్తాదనేవాడు. నేనూ పర్యటన వేసేటప్పుడు ఆ వీధి తగలకుండా వేసేవాణ్ణి. గోరంట్ల పెట్టేవాణ్ణి, రొద్దం పెట్టేవాణ్ణి, బుక్కపట్నం పెట్టేవాణ్ణి. అట్లా ఏళ్లు గడిచాయి. శేఖర్‌కు గొంతు వణకడం పోయింది. పట్టుగూళ్ల మార్కెట్టుకు షెడ్లు వచ్చాయి. పైరవీల శేఖర్ అనేవాళ్లు వాళ్లంతట వాళ్లే మానుకున్నారు. ఏ ఫోటో అవసరం లేకుండానే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మళ్లీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయని, ఈ ఎండాకాలంలో ఫ్లెక్సీలు కట్టడానికి చోట్లు చూడ్డానికి ధర్మవరం పోయాను. ఆ వీధి తప్పించుకుందామనుకున్నాను, సందు మలుపులో మామే ఎదురొచ్చాడు. చేతికర్ర. సగం పాదానికి గుడ్డ చుట్టి ఉంది. రెండో కాలు ఉత్తది. ఎండలో, ఉత్తది. మడమ పగిలి నల్లగా ఒక పుండు.

ఆసుపత్రివాళ్లు సుగరు మనుషుల కోసం చేసే మెత్తటి చెప్పులు ఇచ్చారు కదా మామా, అవేవి అన్నాను. ఇంట్లో మేకుకు తగిలించి ఉన్నాయట, కవరు కూడా విప్పలేదట. "మొక్కు తీరలేదు గదప్పా" అన్నాడు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. "వానికి తీరికైనపుడు వస్తాడులే. నువ్వు గుర్తు చేయొద్దు, బాధపడతాడు."

కాలు పోయాక మొక్కు అదే ఆగిపోయి ఉంటుందని నేను అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు అనుకూలం కాబట్టి అనుకున్నాను. ఇన్నేళ్లూ ఈ మనిషి ఉత్తకాళ్లతోనే తిరుగుతున్నాడు. ఇక ఆ రెండో కాలు కూడా పోవాలా? నా వల్లనే?

పెనుకొండ వచ్చాను. మర్నాడు శేఖర్‌తో కలిసి కారులో పోతున్నాం, ఏదో పెళ్లికి. చెప్పేశాను. మామ ఇంకా చెప్పులు వేసుకోలేదని, ఎప్పుడూ వేసుకోలేదని, వేసుకున్నాడని నేను అబద్ధం చెప్పానని. బాషా తనంతట తానే కారు వేగం తగ్గించాడు. శేఖర్ నా వైపు తిరిగాడు. నేనింకా ఏదో చెబుతున్నాను, ఆయన వినడం లేదు.

"ఎందుకప్పా?" అన్నాడు.

మతిమరుపు అనొచ్చు. పని ఒత్తిడి అనొచ్చు. నోటిదాకా వచ్చాయి. "ఫోటో బాగొస్తాదని అన్నా" అన్నాను.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండు. కారు ఆపమని, "దిగప్పా" అన్నాడు, మామూలుగా, ఊరొచ్చింది దిగు అన్నట్టు. ఫోను కోసం చెయ్యి చాపాడు, జేబులోంచి తీసి ఇచ్చాను. కారు వెనక్కి తిరిగి ధర్మవరం వైపు పోయింది. నేను రోడ్డు పక్కన నిలబడ్డాను. ఒక గొర్రెల కాపరి బీడీ ఉందా అని అడిగాడు. లేదన్నాను.

అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు. ఎవరూ ఫోటో పంపలేదు. నేను అంగట్లో కూర్చుంటున్నాను, శేఖర్ పిలవలేదు, పిలుస్తాడని నేను ఎదురుచూడడం లేదు. కానీ మొన్న హిందూపురం బజారులో లక్ష్మక్క కనబడింది. తప్పించుకునేలోపే పట్టుకుంది. "నువ్వు రాలేదేమప్పా ఆ పొద్దు? శేఖరు వచ్చినాడు. కవరు తనే విప్పి, కింద కూచ్చోని తొడిగినాడు. ఒకటే ఏడుపు. 'నేనే మర్చిపోయినా మామా, తప్పు నాదే' అని కాళ్లు ఇడ్సలేదు. మీ మామ, పోనీలేరా, ఎమ్మెల్యేకు ఎన్నని గుర్తుంటాయి అన్నాడు" అని చెప్పింది. చెప్పి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, కొంచెం గొంతు తగ్గించి, "అయినా ఇన్నేళ్లు ఎట్ల మర్సిపాయెనో వాడు" అన్నది.

నా పేరు చెప్పలేదన్నమాట. తప్పంతా తన మీద వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడు? ఆ వీధిలో నేను తలెత్తుకోలేనని నన్ను కాపాడాడా, మామకు ఇంకో మోసం సంగతి తెలియకూడదనుకున్నాడా, లేక నమ్మి నన్ను పెట్టుకున్న తప్పు తనదేననుకున్నాడా? నాకు తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. నాకు తెలిసింది ఒకటే. కన్నబిడ్డ మాదిరి చూసుకున్న పిల్లాడు తనను మర్చిపోయాడని ఆ ముసలాయన ఈ పొద్దు నమ్ముతున్నాడు. కాలు పోయినప్పుడు కూడా నమ్మనిది, ఇప్పుడు నమ్ముతున్నాడు. బజారులో లక్ష్మక్క ముందర కూడా నా నోరు తెరుచుకోలేదు.

అందుకే ఇది రాశాను. పేర్లు మార్చినా ఆ వీధివాళ్లకు తెలిసిపోతుంది. తెలియాలి. మామకు అక్షరాలు ఆనవు, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. క్షమించమని అడగడం లేదు, అది అడిగే వస్తువు కాదని నాకు తెలుసు. రాశాక ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది. ఊపిరి ఆడడం న్యాయమో కాదో మీరే అనుకోండి. చదివి వినిపించేవాళ్లెవరో గానీ, ఈ ఆఖరి మాటలు మాత్రం గట్టిగా చదవండి, ఆయనకు చెవులు కూడా సరిగ్గా వినబడవు.

మామా, శేఖరు నిన్ను మర్సిపోలేదు. గెలిచిన వారంలోనే చెప్పులు కొని, ఒళ్లో పెట్టుకోని నీ కాడికి వస్తాన్యాడు. నువ్వు ఏసుకున్నావని చెప్పి కారు తిప్పించింది నేను. సభలో తొడుగుతాడని నీకు చెప్పింది నేను. వానికేమీ తెలీదు మామా. నేనే.